లినక్సునకు తెలుగక్షరములు వచ్చిన చరిత్ర

బెంగుళూరు నుండి ఉత్తరమునకు సాగు జాతీయ రహదారి కర్ణాటక ఎల్లను దాటి ఆంధ్రదేశమున ప్రవేశించు తావున కొడికొండ చెక్‌పోస్టు కలదు. అది చిలమత్తూరు మండలములోనిది. ఇచ్చటి ప్రజలకు హిందూపురపు మార్కెట్టు, పెనుకొండ కోట, ధర్మవరపు పట్టు ఎంత పరిచితములో బెంగుళూరి కొలువులును అంతే పరిచితములు. కంప్యూటరు విద్య ఈ సీమకు ప్రధానముగా ఆ రహదారి మీదుగనే వచ్చినది. కాని లినక్సను నిర్వహణ వ్యవస్థను నిత్యవ్యవహారమునకు వాడుకొనవలెనన్న తెలుగువానికి దారి ఒక్కటి చాలదు. ఆ యంత్రము అతని లిపిని చక్కగా వ్రాయవలెను. ఈ దేశమున లినక్సు చరిత్రలో ముఖ్యభాగము ఆ లిపి చరిత్రయే యని నా నిశ్చయము.

1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకొనదగిన వ్యవస్థను నిర్మింతునని గ్నూ ప్రణాళికను ప్రకటించెను. దానికి కొఱతపడిన మూలభాగమైన లినక్సును 1991 ఆగస్టు 25న ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లోకమునకు తెలియజేసెను. ఆ యేటనే అక్టోబరులో యూనికోడ్ తొలి సంపుటము వెలువడగా, ప్రపంచ లిపుల నడుమ తెలుగునకు 128 స్థానముల గడి ఒకటి లభించినది. ఈ రెండు సంగతులకును ఆనాడు పరస్పర సంబంధ మేమియు లేదు. అవి ఒక తెలుగువాని బల్లమీద కలిసికొనుటకు పదేండ్లకు మించి పట్టినది.

తొంబదులలో లినక్సు మన దేశమున ప్రచారమగుట అంతర్జాలమువలన గాక పత్రికలవలన జరిగినది. పీసీక్వెస్ట్ మాసపత్రిక తన సంచికలతో లినక్సు సీడీలను జతచేసి పంచుచుండెను. బెంగుళూరు వాస్తవ్యుడైన అతుల్ చిట్నిస్ ఆ కృషిలో అగ్రగణ్యుడు. 2001లో ఆ నగరమున ఆరంభమైన లినక్స్ బెంగుళూరు సభలు 2005 నుండి ఫాస్ డాట్ ఇన్ అను పేర కొనసాగినవి. సీడీ ఎంత విలువైనదో నేటివారికి తెలియుట కష్టము. టెలిఫోను తీగపై సెకనుకు 56 వేల బిట్లు మాత్రమే వచ్చు కాలమున, 700 మెగాబైట్ల సీడీని దింపుకొనుటకు, తీగ ఒక్కమారైనను తెగకున్నచో, ఒక పగలును ఒక రాత్రియు గడచియు ఇంకను కొన్ని గంటలు కావలెను. కనుకనే 2004లో ఉబుంటు అను లినక్సు పంపిణీ వెలువడినపుడు, అడిగినవారి యింటికి కాసైన పుచ్చుకొనక టపాలో సీడీలను పంపిన దాని ఉదారవ్యవస్థ, 2011లో నిలిచిపోవు వఱకు, ఇట్టి చిన్న యూళ్లకు మహోపకారము చేసినది.

అయినను, సీడీ చేతికి వచ్చినంతమాత్రమున ఊరి డీటీపీ దుకాణము మారలేదు. శుభలేఖ, కరపత్రము, దస్తావేజు, ఎన్నికల ప్రకటన, ఏది కావలసినను జనులు పోవునది ఆ దుకాణమునకే. అచ్చట పేజ్‌మేకరులో అనూ ఫాంట్లతో అక్షరములు కూర్చుచుండిరి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను నిలిపినవి. ఫాంటులేని యంత్రమున ఆ పత్రము తెఱచినచో అర్థరహితమైన రోమను గుర్తుల వరుస మాత్రమే కానవచ్చును. ఆ పరికరములు విండోసునకే నిర్మితములు. ఆ పనివారిని నేను తప్పుపట్టను. పెండ్లి ముహూర్తమునకు ముందు కార్డు చేతికందవలెను, ఆ పనిని అవి నమ్మకముగా చేసినవి. లెక్కల దుకాణములలో బెంగుళూరున పుట్టిన ట్యాలీయు విండోసుననే స్థిరపడెను. లినక్సు ఈ పట్టణములలో నిలువలేకపోవుటకు కారణము దాని కాఠిన్యమని చెప్పువారు ఈ రెండు సంగతులను మఱచుచున్నారు.

ఇక లిపి విషయము. చిలమత్తూరు అను పేరునే చూతము. కంటికి అందు ఐదక్షరములు. యంత్రమున నిలుచునవి పది సంకేతములు: చ, గుడి, ల, మ, త, పొల్లు, మరల త, ఊకారపు కొమ్ము, ర, ఉకారపు కొమ్ము. తెలుగు సంకేతము ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు గనుక మొత్తము ముప్పది బైట్లు. నాలుగవ అక్షరము కడ చిక్కున్నది. పొల్లు తరువాతి తకారము మొదటి తకారము క్రిందికి ఒత్తుగా దిగవలెను; ఆ రెండవ తకారము తరువాత నిలిచియున్న కొమ్మేమో వెనుకకు పోయి మొదటి తకారమునకు అంటుకొనవలెను. ఈ సర్దుబాటు తెలియని పాత కార్యక్రమములలో పొల్లు వేఱుగను, రెండవ తకారము వేఱుగను చీలి, తన యూరిపేరు తానే గుర్తింపలేని దుఃస్థితి తెలుగువానికి కలుగుచుండెను. తొలుత పాంగో, పిదప ఇరాను దేశీయుడైన బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ సారథ్యమున పెరిగిన హార్ఫ్‌బజ్ అను అక్షరవిన్యాస కార్యక్రమములు ఈ కూర్పును నేర్చినవి. పేజ్‌మేకరునకు దీటుగా నిలువవలసిన స్క్రైబస్‌కు హార్ఫ్‌బజ్ సాయమున ఈ విద్య అబ్బినది 2017లో, అదియు ప్రయోగాత్మక సంచికలో. అంతవఱకును డీటీపీ పనివానికి లినక్సున పుటకూర్పునకై చూపదగిన సరియైన పనిముట్టే లేదనుట అతిశయోక్తి కాదు.

కూర్పు వచ్చినను అక్షరరూపము లేక పని జరుగదు. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడ్ ఫాంట్లను స్వేచ్ఛా అనుమతిపత్రముతో విడుదల చేయుటచే డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలు వానిని నిస్సంకోచముగా తమలో చేర్చుకొనగలిగినవి. తరువాత 2013 ప్రాంతమున సిలికానాంధ్ర అందించిన ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అను పేర్లు కలవు. 1565 యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగర సింహాసనమును తరలించినది పెనుకొండకు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవుల పేర్లు దాల్చిన అక్షరములను పెనుకొండ విద్యార్థి నేడు వెల చెల్లింపక, ఎవరి అనుమతి వేడక, తన యంత్రమున నిలుపుకొనగలుగుట నాకు పరమానందకరమైన విషయము.

2005లో హైదరాబాదున మొదలైన స్వేచ్ఛ ఉద్యమము లినక్సును తెలుగులోనికి తెచ్చుటయే ప్రధానకార్యముగా పెట్టుకొని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను అనువాదమునకు కూడగట్టెను. ప్రభుత్వ సంస్థయైన చెన్నయి సీడాక్ 2007లో బాస్ లినక్సును వెలువరించెను. ప్రభుత్వ వ్యవహారమున లినక్సు నిత్యము కనబడు తావు న్యాయస్థానము: ఈ-కోర్టుల ప్రణాళిక రెండవ దశ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే ఆశ్రయించి, ఉబుంటును దేశపు క్రింది కోర్టులకు చేర్చినది.

2025 అక్టోబరు 14న విండోస్ 10 పోషణ ముగియుటతో, క్రొత్త సంచిక నిబంధనలకు తూగని పాత యంత్రములు ఎన్నియో ఆ పోషణను కోల్పోయినవి. ఉబుంటు, మింట్ వంటివి అట్టి యంత్రములపై నేటికిని హాయిగా నడచును. కాని తెలుగు మెనూలు తెఱచినవానికి నడుమ నడుమ ఇంగ్లీషు వాక్యములు ఎదురగును. అనువాదము లేని వాక్యమును వ్యవస్థ మూలభాషలోనే చూపును. ఆ వాక్యములన్నియు పీఓ అను సాదా పాఠ్యపత్రములలో నుండును: పై పంక్తిలో ఇంగ్లీషు మూలము, క్రింది పంక్తిలో ఉల్లేఖన చిహ్నముల నడుమ ఖాళీ. కన్నడమును తెలుగును రెండును ఎఱిగిన చిలమత్తూరి యువకుడు, పొరుగు కన్నడ పత్రమున ఆ వాక్యము ఎట్లు తీరినదో సరిచూచుకొని, ఆ ఖాళీని పూరించి పంపవచ్చును. తెలుగు అనువాద జట్టువారు పరిశీలించి అంగీకరించినచో, మార్చిలోనో సెప్టెంబరులోనో వెలువడు, ఉబుంటు తెఱరూపమైన గ్నోమ్ తదుపరి సంచికలో అది చేరును.