సుబ్బారావుకి వజీఫా ఎవరిచ్చారు?

మా అమ్మీకి కీళ్లవాతం. ప్రతి జుమా రాత్రి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది, మర్నాడు ఫోలిక్ యాసిడ్ గోళీ. వారానికి ఒక్కసారే అని డాక్టర్ గట్టిగా తాకీదు చేశాడు కాబట్టి ఆ హిసాబు నేనే చూస్తాను. ఈ రెండు గోళీలదీ ఒకే ఖాందాన్ అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఖాందాన్ పెద్ద మన భీమవరం మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన గురించి చదువుతుంటే నాకు దవాల కన్నా పైసల సంగతే ఎక్కువ పట్టుకుంది. కారణం మా భాంజీ. కేన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. నెలల తరబడి దాని ఫెలోషిప్ డబ్బు రాలేదు. హాస్టల్ కిరాయి మా ఆపా పంపుతోంది.

సుబ్బారావు 1895లో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి నారాజ్ వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్న ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల బీమారీతో పోయారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లేందుకు మామగారు డబ్బు కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాటిచ్చింది. ఆ నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన సొత్తును దానధర్మాలకి వదిలిపోయిన మనిషి. మనవాళ్లయితే దాన్ని వక్ఫ్ అంటారు. కేన్సర్ మందు అన్న మాట అప్పుడు ఎవరి ఖయాల్‌లోనూ లేదు.

బోస్టన్‌లో ఆ మదద్ ఎంతకని చాలుతుంది? అక్కడ డాక్టరుగా పనిచేసే లైసెన్సు లేదు. దవాఖానాలో రాత్రిపూట పోర్టర్ పని దొరికింది. రోగుల మూత్రపాత్రలు కడగడం, దుప్పట్లు మార్చడం. పగలు హార్వర్డ్‌లో చదువు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే తరీఖా కనిపెట్టారు. ప్రయోగశాలల్లో అది దశాబ్దాల పాటు నడిచింది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పక్కా నౌకరీ మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. 1940లో, 45 ఏళ్ల వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. యూనివర్సిటీ ఇవ్వని జాగా తిజారత్ ఇచ్చింది. ఇది రాస్తుంటే నాకు కొంచెం చేదుగానే ఉంది.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే రక్తంలో బీమారీ ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే దీన్ని అడ్డుకునేది ఇస్తే? ఆ ఉల్టా ఆలోచనకి కావలసిన పదార్థాలు సుబ్బారావు బృందం దగ్గరి నుంచే వచ్చాయి. వాటిలో ఒకటి అమైనోప్టెరిన్. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించిన లెక్క: 16 మంది పిల్లల్లో 10 మందికి బీమారీ తగ్గింది. కొన్నాళ్లకే అయినా తగ్గింది. అంతకుముందు అదీ లేదు. అమ్మీ వేసుకునే మెథోట్రెక్సేట్ ఆ మందుకి దగ్గరి చుట్టమే.

అదే 1948 మే 22న అమెరికా రేడియోలో కేన్సర్‌తో ఉన్న ఒక పిల్లాణ్ణి ‘జిమ్మీ’ అనే మారుపేరుతో వినిపించారు. చందాలు 2,31,000 డాలర్లు దాటాయి. ఫార్బర్‌కి జిమ్మీ ఫండ్ అలా మొదలైంది. అప్పటికి చూపించడానికి ఒక పిల్లాడున్నాడు, ఒక దవా ఉంది. ఫోర్టర్ పని చేస్తున్న కుర్రాడి కోసం ఎవరు రేడియో పెడతారు?

ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే ఇంతెఖాల్ అయ్యారు. 53 ఏళ్లు. ఇండియాకి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆ ఎడబాటుని ఏ చందా లెక్కలో వేయాలో నాకు తెలీదు.

ఇదంతా ఫోన్‌లో చెబితే భాంజీ నవ్వి, “మామూ, నాయకర్ గారి అడ్రసు ఉందా?” అంది. ఈ నెల కిరాయి నేను పంపించాను.