బొమ్మ కాని బొమ్మ

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. కాగితం మీద గీసిందీ బొమ్మే, కొలువులో నిలబెట్టిందీ బొమ్మే, సినిమా హాల్లో ఆడేదీ బొమ్మే. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. ‘డాల్’ వేరు, ‘టాయ్’ వేరు. డాల్ ఆడపిల్లల సొత్తు. మగపిల్లవాడు ముట్టుకుంటే నామోషీ. ఈ చిన్న పట్టింపు చుట్టూ అమెరికాలో ఒక పెద్ద వ్యాపారం, దాని వెనక కార్టూన్ల యుగం, కోర్టు తీర్పులు, చివరికి ఒక తరం జ్ఞాపకాలూ పుట్టుకొచ్చాయి. ఇక్కడ పెరిగిన మన పిల్లలు ఎందరో ఆ తరంవాళ్ళే. అందుకే ఈ చరిత్ర మనదీ కొంత.

1959లో మాటెల్ కంపెనీ బార్బీని తెచ్చింది. బొమ్మ ఒకసారి కొంటే, బట్టలూ నగలూ ఎప్పటికీ కొంటూనే ఉండాలన్నది అందులో కిటుకు. అదే కిటుకుతో 1964లో హాస్బ్రో కంపెనీ మగపిల్లల కోసం ‘జి.ఐ. జో’ అనే పన్నెండు అంగుళాల సైనికుణ్ణి దించింది. కీళ్ళు వంగుతాయి, దుస్తులు మార్చచ్చు, ఆయుధాలు విడిగా కొనుక్కోవాలి. అయితే డాల్ అంటే ఏ తండ్రీ కొడుక్కి కొనడని భయం. కాబట్టి ‘యాక్షన్ ఫిగర్’ అని కొత్త పేరు పెట్టారు. అమ్మకందార్ల నోట పుట్టిన ఆ మాట నిఘంటువులకెక్కింది.

1977లో ‘స్టార్ వార్స్’ సినిమా వచ్చింది. ఆ బొమ్మల హక్కులు తీసుకున్న సిన్సినాటిలోని కెనర్ కంపెనీ, క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు చెయ్యలేకపోయింది. ఏం చేసిందో తెలుసా? ఖాళీ పెట్టె అమ్మింది! లోపల ఓ అట్ట, ఓ పత్రం. ఆ పత్రం పంపితే మరుసటి ఏడు నాలుగు బొమ్మలు టపాలో వస్తాయి. జనం కొన్నారు కూడా. మూడు ముప్పావు అంగుళాల ఆ కొలతే తర్వాత చాలా బొమ్మలకి ప్రమాణమైంది, 1982లో జి.ఐ. జో కూడా ఆ పొట్టి రూపంలోనే తిరిగొచ్చాడు.

అసలు మలుపు టీవీది. 1969లో ‘హాట్ వీల్స్’ బొమ్మ కార్ల మీద ఓ కార్టూన్ వస్తే, ఇది కార్యక్రమమా ప్రకటనా అని ఫిర్యాదు వెళ్ళింది. ప్రసారాలను నియంత్రించే ఎఫ్.సి.సి. అందులో కొంత భాగం ప్రకటన కిందే లెక్క అంది. రీగన్ హయాంలో గాలి మారింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీదున్న పరిమితులను 1984లో ఎఫ్.సి.సి. ఎత్తేసింది. అప్పటికే 1983 సెప్టెంబరులో హీ-మాన్ టీవీలోకొచ్చాడు. మాటెల్ బొమ్మ ముందు, ఫిల్మేషన్ వాళ్ళ కథ తర్వాత. 130 భాగాలు. ప్రతి భాగం చివరా ఓ నీతి బోధ, విమర్శకుల నోరు మూయించడానికన్నట్టు. 1984లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ వచ్చాయి. అవి జపాన్‌లో టకారా కంపెనీ చేసిన బొమ్మలే. హాస్బ్రో కొత్త పేర్లూ, కొత్త కథా తగిలించింది. పెగీ చారెన్ అనే ఆవిడ పిల్లల టీవీ కోసం 1968 నుంచీ పోరాడుతూనే ఉంది. చివరికి 1990లో ఓ చట్టం వచ్చి, పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు వారాంతాల్లో గంటకి పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలు దాటకూడదంది. అప్పటికి ఆ తరం పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు.

వాళ్ళలో మా అబ్బాయొకడు. నలభై దాటినవాడు, సొంత పిల్లలున్నవాడు, ఇప్పుడు చిన్ననాటి బొమ్మల్నే వెతికి కొంటున్నాడు. “ఇవన్నీ కంపెనీలు సరుకు అమ్ముకోడానికి అల్లిన కథలు కదురా” అంటే వాడన్న మాట నాకు గుచ్చుకుంది. “మీరు చందమామ గురించి మాట్లాడితే బాల్యం, నేను ఆప్టిమస్ ప్రైమ్ గురించి మాట్లాడితే వ్యాపారమా నాన్నా?”

నేను చాలా రోజులు ఆలోచించాను. చందమామా అమ్మకానికి వచ్చిన పత్రికే. కానీ అక్కడ కథే సరుకు. ఇక్కడ కథ సరుక్కి తోక. ఈ తేడాని నేను వదులుకోను. అయితే వాడి వైపూ ఓ బలమైన సాక్ష్యం ఉంది. 1986లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో, కొత్త బొమ్మలకి చోటివ్వడానికి పాత నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని చంపేశారు. కంపెనీ దృష్టిలో అది పాత సరుకు తీసెయ్యడమే. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు. తల్లిదండ్రులు ఉత్తరాలు రాశారు. 1987లో అతన్ని మళ్ళీ బతికించక తప్పలేదు. ప్రకటన కోసం పుట్టినవాడి చావుకి నిజమైన కన్నీళ్ళొచ్చాయంటే, ఆ బొమ్మకి ప్రాణం పోసింది కంపెనీ కాదు, పిల్లలే.

కోర్టుల సంగతి మరీ వింత. దిగుమతి సుంకం కోసం, జి.ఐ. జో డాల్ అవునా కాదా అన్న తగువులో 1989లో ఫెడరల్ అప్పీలు కోర్టు ‘డాలే’ అని తేల్చింది! పాతికేళ్ళుగా ఏ మాట తప్పించుకుని తిరిగారో ఆ మాటే మెడకి చుట్టుకుంది. 2003లో ఎక్స్-మెన్ బొమ్మల మీద మరో తీర్పు. డాల్ అంటే మనిషి రూపం, ఆ బొమ్మలు దిగుమతైన నాటి సుంకం 12 శాతం. టాయ్ అయితే 6.8 శాతం. ఎక్స్-మెన్ మనుషులు కారని వాదించి బొమ్మల కంపెనీ గెలిచింది. తామూ మనుషులమేనని కథల్లో పోరాడే పాత్రలవి!

మన దేశానికీ ఇందులో పాత్ర ఉంది. ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ కంపెనీ జి.ఐ. జో బొమ్మల్ని ఇండియాలోనే చేసింది. అచ్చులు అమెరికావే, రంగులు మాత్రం వేరు. ఆ వింత రంగుల కోసమే అమెరికా సేకర్తలు వాటిని వెతుక్కుంటారు.

సేకరణలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. పెట్టె విప్పని బొమ్మకే విలువెక్కువ. 2024లో ‘బోబా ఫెట్’ నమూనా ఒకటి వేలంలో 5,25,000 డాలర్లకి పోయింది. రాకెట్ పేల్చే ఆ బొమ్మ ప్రమాదకరమని అసలు దుకాణాలకే రాలేదు. అంటే ఏ పిల్లవాడూ ఆడుకోనిదానికి అంత ధర! మన ఇళ్ళల్లో కొలువు బొమ్మలూ ఏడాదంతా పాతచీరల్లో చుట్టి పెట్టెలోనే ఉంటాయి, నిజమే. కానీ సంక్రాంతికో దసరాకో బయటికొస్తాయి, పేరంటాళ్ళు చూస్తారు, తల్లి నుంచి కూతురికి వెళతాయి. రంగు వెలిసిన బొమ్మకీ ఓ మెట్టు మీద చోటుంటుంది, ఎవరి పెళ్ళికి ఎవరు తెచ్చారో చెప్పేవాళ్ళూ ఉంటారు.

మా వాడు కొన్నవాటి పెట్టెలు విప్పేస్తాడు. ధర పడిపోతుందని తెలిసే విప్పుతాడు. వాటిని వాడి కూతురు నేలమీద ఈడ్చుకు తిరుగుతుంది. నా మటుకు అదే సరైన లెక్క. రోచెస్టర్‌లో బొమ్మల చరిత్రని గౌరవించే ‘టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్’ ఉంది. 2022లో అందులోకి హీ-మాన్ బొమ్మల్ని చేర్చారు. అదే ఏడు వాటితోపాటు చోటు దక్కినది ఏమిటో తెలుసా? బొంగరం! దానికి కథ లేదు, కార్టూన్ లేదు, ప్రకటన అంతకన్నా లేదు. తాడు చుట్టి విసిరే చెయ్యి ఒకటుంటే చాలు.