పాత జావా - పాతిక వేలు

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మా అమ్మ. ఎనభై నాలుగేళ్ళు. రెండోది 1969లో మైసూరులో పుట్టి, మా నాన్న వెంట తెనాలి చుట్టుపక్కల కాలవగట్లన్నీ తిరిగి, ఆయన పోయాక గొడ్లసావిట్లో వరిగడ్డి చాటున పడుకున్న జావా మోటారుసైకిలు. ఈ ఇద్దరికీ మొదటినుంచీ పడదు.

పడకపోవడానికి కారణం వుంది. బండి కొనేటప్పుడు మా నాన్న అమ్మ మెళ్ళో నాను తాకట్టు పెట్టారు. ఆయన పల్లెల్లో తిరిగి వైద్యం చేసే ఆర్.ఎం.పి. ఫీజులు రొక్కంగా రావు, పంటలమీద వస్తాయి. "రెండు పంటలు తిరిగేసరికి విడిపిస్తా" అన్నారట. విడిపించారా అని ఎప్పుడడిగినా అమ్మ వేరే సంగతి ఎత్తుకుంటుంది. నేనెరిగిన తర్వాత ఆ నాను మాత్రం నా కంటబడలేదు.

పోయిన వేసవిలో సావిడి పడగొట్టాల్సి వచ్చింది. పాతసామాను అబ్బాయి వచ్చి, బండిని అటు తిప్పి ఇటు తిప్పి, తూకానికి బేరం పెట్టాడు. మా నాన్నని కాటాలో వేసినట్టనిపించింది నాకు. "ఇవ్వను, బాగుచేయిస్తాను" అన్నాను.

"ఎంతవుద్దిరా?" అంది అమ్మ, వత్తులు చేసుకుంటూ.

"పాతిక వేలు" అన్నాను, నోటికొచ్చిన అంకె.

"దానిమీద ఒక్క రూపాయి ఎక్కువైనా కాటాకే" అంది.

రిటైరైన బడిపంతులికి పాతిక వేలంటే మాటలు కాదు. అంత పాత బండి ఆ డబ్బుతో లేస్తుందా అని మీకు సందేహం రావచ్చు. నాలుగు స్ట్రోకుల బండయితే నేనూ సాహసించేవాణ్ణి కాదు. ఇది రెండు స్ట్రోకులది. ఈ వంశం పుట్టిందే చేతిలో డబ్బాడక. ఆ కథ చెబితేగాని నా ధైర్యం మీకు అర్థం కాదు.

నాలుగు స్ట్రోకుల ఇంజను గాలీ పెట్రోలూ పీల్చడానికొక గెంటు, నొక్కడానికొకటి, మండడానికొకటి, పొగ బయటికి నెట్టడానికొకటి వేస్తుంది. నాలుగిట్లో ఒక్కటే పని, మిగతా మూడూ ఏర్పాట్లు. మన ఆఫీసుల్లాగే అనుకోండి. దానికి వాల్వులు కావాలి, వాటిని ఎత్తే క్యాములు కావాలి, వాటికి స్ప్రింగులు కావాలి. ఇంగ్లండులో బాత్ అనే వూళ్ళో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1890 ప్రాంతంలో ఇంకో దారి పట్టాడు. పిస్టను కింద క్రాంకు తిరిగే గది వూరికేగదా వుంది, దాన్నే పంపులా వాడుకుందామన్నాడు. పిస్టను పైకి పోతే ఆ గదిలోకి గాలీ పెట్రోలూ వస్తాయి, కిందికి దిగితే అవే పైకి తోసుకుపోతాయి. ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ మరో అడుగు వేసి, సిలిండరు గోడకే కన్నాలు పెట్టి, పిస్టనే వాటిని మూస్తూ తెరుస్తూ వుండేట్టు చేశాడు. దాంతో వాల్వు అనేదే లేకుండా పోయింది. పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు - కదిలేవి ఈ మూడే. లోకానికి ఇంత చవక ఇంజను ఇచ్చిన డే గారు తను మాత్రం దివాలా తీశాడు.

ఇక జావా సంగతి. చెకొస్లొవాకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన ఆయుధాల వ్యాపారి. మొదటి యుద్ధం అయిపోయాక తుపాకులకు గిరాకీ తగ్గింది. 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి ఒక మోటారుసైకిలు నమూనా హక్కులు కొన్నాడు. తన పేరులో మొదటి రెండక్షరాలూ, వాండరర్‌లో మొదటి రెండక్షరాలూ కలిపితే జావా. (ద్వీపానికీ దీనికీ చుట్టరికం లేదు. నా చిన్నప్పుడు మా క్లాసులో నేను చెప్పిన అబద్ధం అది.) మొదటి బండి 500 సి.సి.ది, ఖరీదైనది. అదే సంవత్సరం ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో పడింది. కొనేవాడెవడు? అప్పుడు 1932లో ఇంగ్లీషు విల్లియర్స్ కంపెనీ వాళ్ళ రెండు స్ట్రోకుల ఇంజను పెట్టి 175 సి.సి. చిన్న బండి చేశారు. చవక, తేలిక. కంపెనీని నిలబెట్టింది అదే. తరవాత జర్మన్ల ఆక్రమణలో వున్న రోజుల్లో కూడా అక్కడి ఇంజనీర్లు దొంగచాటుగా ఒక 250 బండి తయారుచేసుకున్నారు. పెరాక్ అనే ఆ బండికి 1946లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. మా సావిట్లో వున్నది దాని తరవాతి తరం.

మన దేశానికి ఎలా వచ్చిందంటారా? స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకద్రవ్యం కరువై దిగుమతులు బిగించారు. జావాలు తెప్పించి అమ్ముకునే బొంబాయి పార్సీ వర్తకుడు రుస్తుం ఇరానీ, ఇక లాభం లేదని, 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టాడు. మరుసటేడు నుంచి బళ్ళు బయటికొచ్చాయి. 1970ల్లో పేరు యెజ్డీ అయింది. అంటే చూడండి, మందగించిన అమ్మకాలు, యుద్ధం, మారకద్రవ్యం కరువు - ఎక్కడ లేమి వుంటే అక్కడికల్లా ఈ బండి వెళ్ళింది.

మా నాన్న వృత్తికి అది అచ్చంగా కుదిరింది. గొలుసు మొత్తం రేకు తొడుగులో వుంటుంది కనక కాలవగట్టు బురద అంటదు. ఎడమకాలి దగ్గరుండే గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కురాడ్డు అవుతుంది, రెండు పనులకీ ఒక్కటే ఇనుము. గేరు నొక్కితే క్లచ్చు దానంతటదే వదులుతుంది, ఎడమచేత్తో పని లేదు. ఆ చేత్తో మా నాన్న మందుల సంచీ పట్టుకునేవారు. తాళంచెవి హెడ్‌లైటు నెత్తిన గుచ్చే పుల్లలాంటిది. పోతే మేకు గుచ్చినా బండి కదిలేది. దొంగలకి కూడా చవకే.

సరే, బండిని రిక్షాబండిమీద ఎక్కించుకుని సాయిబుగారి షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన మా నాన్న హయాంలోనే దీన్ని విప్పినవాడు, ఇప్పుడు డెబ్భై దాటాయి. కిక్కు అడుగుకి దిగలేదు. ఇంజను పట్టేసింది. కుర్రవాడు సుత్తి తీశాడు. "పెట్టరా దాన్ని" అని కసిరి, ప్లగ్గు విప్పి ఆ కన్నంలో డీజిలు పోసి, "మేస్టారూ, మీరు వారంపోయి రండి" అన్నారు. తొమ్మిదోరోజున పిస్టను కదిలింది. ఆ ఓపికకి ఆయన డబ్బు తీసుకోలేదు. సుత్తి దెబ్బకైతే సిలిండరు పోయేది.

65 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు. అదీ దాని గుండె కొలత. గోడలు తుప్పుతో గుంటలు పడ్డాయి. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి బోరింగ్ చేయించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేయించాను. క్రాంకు విడదీసి, కొత్త బేరింగూ రాడ్డూ వేసి, ప్రెస్సులో బిగించి, నిలువు చూపించుకున్నాను. ఈ రెండిటికే పది వేలు దాటింది. ఆ రాత్రి బస్సులో వస్తూ టిక్కెట్టు వెనక కూడికలు వేశాను. ఎన్నిసార్లు కూడినా పాతిక దాటుతోంది.

నేను డబ్బు మిగిల్చుదామనుకున్న చోట సాయిబుగారు ఒప్పుకోలేదు. అవి క్రాంకు రెండువైపులా వుండే ఆయిల్ సీళ్ళు. చూడ్డానికి రబ్బరు గాజుల్లా వుంటాయి, బాగానే వున్నాయిగదా అన్నాను. "ఇది రెండు స్ట్రోకుల బండి మేస్టారూ. ఈ గదే దాని వూపిరితిత్తి. సీలు గట్టిపడి గాలి లాగిందంటే పెట్రోలు పలచబడి వేడెక్కి మళ్ళీ పట్టేస్తుంది. మీ పది వేలూ బుగ్గి" అన్నారు. జోసెఫ్ డే చెప్పినా ఇంతకంటే బాగా చెప్పడు. సీళ్ళు కొన్నాను. క్రోం పూత మాత్రం వదిలేశాను, దాని ధర వింటేనే జ్వరం వచ్చింది. రంగు కూడా వేయించలేదు. ముందు మడ్‌గార్డు మీద మా నాన్న స్వహస్తాలతో దిద్దిన ఎర్ర కూడికగుర్తు ఇంకా కనబడుతోంది.

పెట్రోలు టాంకు లోపల తుప్పు చూసి, దానికి ఏదో ఆసిడ్డు కొనాలని ఇంటికొచ్చి అంటే అమ్మ చెవినబడింది. "ఇత్తడి బిందె తోముకున్న ఇంట్లో ఆసిడ్డు కొంటావుట్రా?" అని, జాడీ అడుగున నల్లబడ్డ పాత చింతపండు తీయించి, నానబెట్టించింది. ఆ పులుసూ గుప్పెడు గులకరాళ్ళూ పోసి వూపడం, పారబోయడం, మళ్ళీ పోయడం. నాలుగు రోజులు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆవిడే చెప్పేది, "ఇంకా ఎర్రగా వస్తోంది, ఇంకోసారి" అని. బండి దగ్గర ఆవిడ అంతసేపు కూర్చోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

బండిమీద నాకెంత ప్రేమవున్నా ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఇంజనులో కాలని పెట్రోలు కొంత పొగతోబాటే బయటికి జారిపోతుంది, కలిపిన ఆయిలు ఎటూ కాలి పొగవుతుంది. 1985లో హీరో హోండా నాలుగు స్ట్రోకుల బండి వచ్చి మైలేజీతో కొట్టింది. 1991, 1996, 2000ల్లో వచ్చిన పొగ నిబంధనలు మిగతా పని పూర్తిచేశాయి. మైసూరు ఫాక్టరీ 1996లో మూతపడింది. జావా పేరు 2018లో తిరిగొచ్చింది, నాలుగు స్ట్రోకుల ఇంజనుతో. అన్యాయమని అనలేను. మా వీధిలో రోజూ వంద జావాలు తిరిగితే నేనే అర్జీ పెడతాను.

కాయితాల సంగతి వేరే. 2021లో యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషను పెట్టారు. ఫీజు ఇరవై వేలు. అది కట్టి ఆ హోదా తెచ్చుకుంటే ప్రదర్శనలకి తీసుకెళ్ళొచ్చుగాని రోజూ రోడ్డెక్కకూడదు. గొడ్లసావిట్లోంచి తీసి గాజుబీరువాలో పెట్టడమేగదా! మామూలు రెన్యువలుకే దరఖాస్తు పెట్టాను, అది కదులుతోంది. అందాకా బండి మా దొడ్డి దాటదు.

మొన్న ఆదివారం సాయిబుగారు లీటరుకి నలభై మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోశారు. కిక్కు మీద కిక్కు, ఏడోదానికి అందుకుంది. రెండు సైలెన్సర్లలోంచీ తెల్లటి పొగ, తరవాత ఆ పటపటలు. ఎదురింటి ముసలాయన అరుగుమీంచి లేచి నిలబడి, "డాక్టరుగారి బండి" అన్నాడు.

అమ్మ గుమ్మంలో స్తంభం పట్టుకుని విన్నది. ఇంజను ఆపాక అడిగింది:

"ఎంతయిందిరా చివరికి?"

ముప్ఫై ఒకటిన్నర వేలయింది. "ఇరవై నాలుగు వేల ఎనిమిదొందలు" అన్నాను.

అమ్మ నావైపు కాసేపు చూసింది.

"మీ నాన్న కూడా ఇంతే. నూట యాభై తగ్గించి చెప్పేవారు" అని లోపలికెళ్ళి, సాయిబుగారికి మజ్జిగ తెచ్చింది.