కడప పల్లె బడులే ప్రయోగశాల

వల్లూరు: బడిపై ప్రభుత్వం అదనంగా ఖర్చు చేస్తే పిల్లలకు అదనంగా చదువు వస్తుందా? విద్యా ఆర్థికశాస్త్రంలోని ఈ మౌలిక ప్రశ్నకు జవాబు వెదికిన పెద్ద పరిశోధనలలో ఒకటి కడప జిల్లా పల్లె బడుల్లోనూ సాగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్‌డియాగో) ఆచార్యుడు కార్తీక్ మురళీధరన్‌కు పేరు తెచ్చినది ఆ కృషే. 2007లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన ఆయన, అంతకు ముందే 2005లో వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి దీనిని ప్రారంభించారు. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఇందులో పాలుపంచుకున్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలోని కడప సహా ఐదు జిల్లాల నుంచి 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను లాటరీ పద్ధతిన ఎంపిక చేసి, నూరేసి చొప్పున ఐదు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి నగదు గ్రాంటు, మరొకదానికి అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, ఇంకో రెండింటికి పిల్లల మార్కుల పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చారు. బోనసును ఒకచోట ఒక్కొక్కరి పనితనాన్ని బట్టి, మరోచోట బడి మొత్తానికి కలిపి లెక్కగట్టారు. ఐదో వర్గానికి ఏమీ ఇవ్వలేదు. తేడా తెలియాలంటే అదీ అవసరమే.

గ్రాంటు సంగతి ఆసక్తికరం. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ మేలు కనిపించలేదు. గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు పుస్తకాలు, పలకలు వంటి వాటిపై తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లలో అది సహజమే. బడిలో చేరిన రూపాయి ఇంట్లో మిగిలిన రూపాయి అయింది.

బోనసు ఇచ్చిన బడులలో రెండేళ్లకు గణితం, భాషలలో పిల్లలు స్పష్టంగా ముందంజ వేశారు. బోనసుతో సంబంధంలేని సామాన్య, సాంఘిక శాస్త్రాలలోనూ మెరుగయ్యారు. విచిత్రమేమంటే ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. వచ్చినవారు అదనపు తరగతులు తీసుకున్నారు, అభ్యాస పరీక్షలు పెట్టారు. రెగ్యులర్ జీతంలో దాదాపు ఐదో వంతుకే పనిచేసిన కాంట్రాక్టు ఉపాధ్యాయులు బోధనలో తీసిపోలేదని కూడా తేలింది. దీనిని తక్కువ జీతాలకు సాకుగా వాడుకునే ప్రమాదం లేకపోలేదు.

తర్వాత 2008లో మొదలైన మరో అధ్యయనంలోనూ కడప ఉంది. లాటరీలో ఎంపికైన పేద పిల్లలను ప్రైవేటు బడులకు పంపి నాలుగేళ్లు గమనించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం తెలుగు, గణితంలో వారు ప్రభుత్వ బడి పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. అయితే ఒక్కో విద్యార్థిపై ప్రైవేటు బడి పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

ఇక 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పథకాల కింద సొమ్ము బడికి కాక నేరుగా తల్లుల ఖాతాలకే చేరింది. అందులో పిల్లల పలకాబలపాలకు ఎంత వెళ్లిందన్నది వల్లూరు వంటి మండలాలలో ఇంటింటా లెక్కగట్టవలసిన విషయం.