మృతుల లెక్క కోసం పుట్టిన అంకె, రోగి బీమాకు అడ్డుపడితే



కొంతకాలం క్రితం చేబ్రోలులో మాకు పరిచయమున్న ఒక రైతు, బీమా సంస్థ పంపిన తిరస్కరణ లేఖ పట్టుకుని నా వద్దకు వచ్చారు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడటంతో ఆయనకు క్లోమగ్రంథి వాచింది. ఆస్పత్రిలో చికిత్స పొంది కోలుకున్నారు. మద్యపానం వల్ల కలిగిన వ్యాధికి బీమా వర్తించదని ఆ లేఖ సారాంశం. ఆయన జన్మలో మద్యం ముట్టి ఎరుగరు. “డబ్బు పోతే పోయింది డాక్టరుగారూ, నన్ను తాగుబోతును చేశారు” అన్నారు.

కాగితాలు తిరగేస్తే విషయం తెలిసింది. కె 85.1 అని ఉండవలసిన చోట కె 85.2 అని ఉంది. మొదటిది పిత్తాశయ రాళ్ల వల్ల వచ్చే క్లోమగ్రంథి వాపునకు సంకేతం, రెండవది మద్యం వల్ల వచ్చే వాపునకు. తేడా ఒక్క అంకె.

ఈ అంకెల చరిత్ర చాలా పాతది, అది మొదలైంది మరణాలతో. లండన్ నగరంలో వారం వారం ప్రకటించే మరణాల పట్టికలను జాన్ గ్రాంట్ పరిశీలించి 1662లో గ్రంథం ప్రచురించాడు. ఒకే జబ్బును ఒక్కొక్కరు ఒక్కొక్క పేరుతో రాస్తే లెక్క ఎలా కుదురుతుందని 1839లో విలియం ఫార్ వాదించాడు. 1893లో షికాగో సమావేశంలో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ మరణ కారణాల వర్గీకరణను సమర్పించగా అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత స్వీకరించి, ఆరవ సవరణలో మరణాలతో పాటు వ్యాధులనూ చేర్చింది. అక్షరం, అంకెలు కలిసిన నేటి రూపం 1990లో ఆమోదం పొందిన పదవ సవరణతో వచ్చింది. దానినే ఐసీడీ-10 అంటాము. పదకొండవ సవరణ 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చినా, మన బీమా కాగితాలలో ఇప్పటికీ పదవదే ఎక్కువగా కనిపిస్తుంది.

మన దేశంలో ప్రభుత్వరంగ సంస్థల మెడిక్లెయిమ్ 1986లో మొదలైంది. 2013లో నియంత్రణ సంస్థ క్లెయిమ్ పత్రాలకు ఒకే నమూనా నిర్దేశించినప్పుడు, ఆస్పత్రి నింపే భాగంలో ఐసీడీ సంకేతానికి గడి ఏర్పడింది. 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపులలో మద్య వ్యసనం, దాని పర్యవసానాలకు చేసే చికిత్స ఒకటి. జనసంఖ్యలో రోగాలు లెక్కించడానికి పుట్టిన అంకె, ఆ విధంగా ఒక్కొక్క రోగికి డబ్బు ఇవ్వాలా వద్దా అని తేల్చే స్థాయికి చేరింది.

మీరు గ్రహించవలసినది ఒక్కటే. రోగాన్ని నిర్ణయించేది వైద్యుడు. సంకేతం ఆ నిర్ణయానికి నకలు మాత్రమే. నకలు తప్పితే అసలును చూపి సరిచేయించుకోవచ్చు.

ముందుగా, ఏ షరతు కింద తిరస్కరించారో లిఖితపూర్వకంగా తీసుకోండి. ఆస్పత్రి పంపిన క్లెయిమ్ పత్రం, కేస్ షీటు, స్కానింగ్ నివేదికల నకళ్లు అడగండి. రోగి కోరితే 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. పిమ్మట చికిత్స చేసిన వైద్యుని చేత, సరైన రోగనిర్ధారణ, దానికి ఆధారం, పొరపాటున పడిన సంకేతం, ఉండవలసిన సంకేతం వివరిస్తూ తేదీ, సంతకంతో లేఖ రాయించండి. పాత కాగితం మీద కొట్టివేతలు చేయనివ్వకండి, అవి అనుమానానికి తావిస్తాయి. నిజంగా తప్పు జరిగినప్పుడే ఈ దారి పట్టాలి. ఉన్న రోగాన్ని దాచి అంకె మార్చమని ఏ వైద్యుణ్నీ అడగకూడదు.

ఆ లేఖతో బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి అప్పీలు చేయండి. సమీక్షా సంఘం ఆమోదం లేకుండా క్లెయిమును తిరస్కరించరాదని 2024 నాటి నియంత్రణ సంస్థ ఉత్తర్వులో ఉంది. ఆ సంఘం పరిశీలించిందా అని అడగండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తినివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాదు కార్యాలయం మన రాష్ట్రాన్నీ చూస్తుంది. తిరస్కరణ నుంచి ఏడాది లోపు వెళ్లాలి. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు.

మా రైతుకు ఆస్పత్రి వైద్యుడు రాసి ఇచ్చినది ఒక్క పుట. స్కానింగులో రాయి స్పష్టంగా ఉంది కనుక బీమా సంస్థ పునఃపరిశీలించి సొమ్ము చెల్లించింది. ఆయన మాత్రం చెల్లింపు కాగితం కన్నా ముందు, సరిచేసిన లేఖను ఇంట్లో అందరికీ చదివి వినిపించారట.

ఆస్పత్రి నుంచి ఇంటికి బయలుదేరే రోజున మందుల చీటీతో పాటు ఆ చిన్న గడిలో ఏమి రాశారో కూడా అడిగి తెలుసుకోండి.