కలరా ఉండలు పెడితే ఎలుకలు పారిపోతాయా..? అసలు విషయం ఇదీ!

ఇంట్లో ఎలుక కనిపిస్తే చాలు.. మూలమూలనా కలరా ఉండలు, పుదీనా నూనెలో ముంచిన దూది పెట్టేస్తుంటారు. ఘాటు వాసనకు ఎలుకలు మొదట్లో అటువైపు రాకపోవచ్చు. కానీ వాసన తగ్గినా, దానికి అలవాటు పడినా మళ్లీ ప్రత్యక్షం! తిండి దొరికే ఇంటిని అవి తేలిగ్గా వదలవు.

పైగా కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్‌తో పిల్లలకు ముప్పు. మిఠాయి అనుకుని మింగితే ఎర్ర రక్తకణాలు దెబ్బతినొచ్చు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ. మింగారని అనుమానం వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మరేం చేయాలి..? చిట్టెలుక దూరడానికి సుమారు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పైపుల చుట్టూ ఉన్న కంతల్లో స్టీల్ పీచు కుక్కి సిమెంటుతో పూడ్చాలి. బియ్యం, పప్పులు గట్టి మూత ఉన్న డబ్బాల్లో పోయాలి. రాత్రిపూట వంటింట్లో ఎంగిలి గిన్నెలు, చెత్త ఉంచొద్దు.