రామోజీ ఫిల్మ్ సిటీ

రామోజీ ఫిల్మ్ సిటీ తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లా, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉన్న చలనచిత్ర నిర్మాణ కేంద్రము, వినోద స్థలము. హైదరాబాదు నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ వెళ్ళే రహదారిపై ఉన్నది. 1,666 ఎకరాలలో విస్తరించిన ఈ కేంద్రం ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకంలో నమోదయింది. దీని స్థాపకుడు రామోజీరావు గుడివాడకు చేరువలోని పెదపారుపూడి గ్రామంలో జన్మించాడు.

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల నుండి ఇక్కడికి కుటుంబాలు, పాఠశాలల విహారయాత్రలు వస్తుంటాయి. ఇది మొదట సినిమా చిత్రీకరణ కొరకు నిర్మించిన స్థలం. కాబట్టి సాధారణ వినోద ఉద్యానవనాల వలె అన్నీ ఒకే ఆవరణలో ఉండవు. ఒక్క రోజులో చూడదలచినవారు ఏది ముందు చూడాలో, ఏది వదులుకోవాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.

చరిత్ర

రామోజీరావు 1936 నవంబరు 16న జన్మించాడు. గుడివాడలో చదువుకున్నాడు. 1974లో విశాఖపట్నంలో ఈనాడు దినపత్రికను, 1980లలో ఉషాకిరణ్ మూవీస్ చిత్రనిర్మాణ సంస్థను, 1995లో ఈటీవీని ప్రారంభించాడు. ఫిల్మ్ సిటీ 1996లో ప్రారంభమయింది. కథతో వచ్చిన నిర్మాత పూర్తయిన సినిమాతో తిరిగి వెళ్ళగలగాలి అన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అందుకు తగినట్లు చిత్రీకరణ వేదికలు, ఉద్యానవనాలు, చిత్రీకరణ అనంతర పనులకు సాంకేతిక వసతులు, బస వసతులు ఒకే చోట ఏర్పరచారు.

1997లో విడుదలైన "మా నాన్నకు పెళ్ళి" ఇక్కడ చిత్రీకరణ జరుపుకొన్న తొలి చిత్రాలలో ఒకటి. 2015, 2017 సంవత్సరాలలో విడుదలైన "బాహుబలి" చిత్రాల కొరకు వేసిన మాహిష్మతి సెట్టు తరువాత సందర్శకులకు ఒక ముఖ్య ఆకర్షణ అయింది. కరోనా కారణంగా 2020లో సందర్శనలు నిలిచిపోయి, 2021లో తిరిగి మొదలయ్యాయి. రామోజీరావు 2024 జూన్ 8న మరణించాడు. అతని అంత్యక్రియలు ఫిల్మ్ సిటీలోనే జరిగాయి.

అమరిక

ప్రధాన ద్వారం వద్ద టికెట్టు తీసుకొన్న తరువాత సందర్శకులను బస్సులలో లోపలికి తీసుకువెళతారు. ప్రదర్శనలు, ఆటలు, భోజనశాలలు ప్రధానంగా యురేకా అనే చోట, దాని చుట్టుపక్కల ఉన్నాయి. సెట్టులు, తోటలు దూరంగా ఉన్నందున వాటిని ఎర్రని బస్సులలో, మార్గదర్శకుల వివరణతో చూపిస్తారు. కొన్ని కట్టడాలకు ఒక్కో వైపున ఒక్కో ముఖభాగం ఉండుట ఇక్కడి విశేషం. ఒకే భవనాన్ని కెమెరా పెట్టే చోటును బట్టి వేరు వేరు భవనాలుగా చూపించవచ్చును. చిత్రీకరణ జరుగుతున్న చోట్లకు సందర్శకులను సాధారణంగా అనుమతించరు. కనుక ఒకసారి చూసినవన్నీ మరొకసారి చూడగలమన్న నమ్మకం లేదు.

చూడదగినవి

* సెట్టులు: రైల్వే స్టేషను, విమానాశ్రయము, విదేశీ వీధులు, భాగవతం సెట్టు, మాహిష్మతి సెట్టు.
* తోటలు: మొఘల్ తోట, జపాన్ తోట, సీతాకోకచిలుకల వనము, పక్షుల వనము.
* మూవీ మ్యాజిక్: సినిమాలో దృశ్యము, ధ్వని ఏ విధంగా కలుపుతారో చూపే ప్రదర్శన.
* ఫండుస్తాన్: చిన్నపిల్లల ఆటస్థలము.
* బొరాసుర: మాంత్రికుని గుహ వలె కట్టిన భయానక మార్గము. చిన్నపిల్లలకు తగినది కాదు.
* సాహస్: సాహస క్రీడల స్థలము.

ఒక రోజు సందర్శన

ఉదయం ద్వారం తెరిచే వేళకు చేరుకొనుట మేలు. ప్రదర్శనలకు నిర్ణీత వేళలు ఉంటాయి. లోపలికి వెళ్ళగానే ఆ వేళలను తెలుసుకొని, మిగిలిన వాటిని వాటి మధ్య అమర్చుకోవాలి. సెట్టుల పర్యటనకు చాలా గంటలు పడుతుంది. ఎక్కువ భాగం ఎండలో ఉండుటవలన వృద్ధులున్న కుటుంబాలు దీనిని ఉదయమే ముగించి, మధ్యాహ్నం మూవీ మ్యాజిక్ వంటి పైకప్పు ఉన్న ప్రదర్శనలు చూడవచ్చును. పిల్లల ఆటలను సాయంత్రానికి ఉంచితే వారు త్వరగా అలసిపోరు. కొన్ని ఆటలకు ఎత్తు, వయసు పరిమితులు ఉన్నాయి. వాటిని ముందే పిల్లలకు చెప్పుట మంచిది.

కుటుంబంలో అందరూ ఒకే చోట తిరగనక్కరలేదు. పెద్దలు యురేకాలో కూర్చుంటే మిగిలినవారు ఆటలకు వెళ్ళి రావచ్చును. అయితే కలుసుకొనే చోటు, వేళ ముందుగా అనుకోవాలి. బయటి ఆహారాన్ని సాధారణంగా లోపలికి అనుమతించరు. ఇంటి నుండి తెచ్చిన పులిహోర, దద్దోజనం దారిలోనే ముగించవలసి ఉంటుంది. రెండు రోజులు ఉండదలచినవారికి ఆవరణలోనే సితార, తార మొదలగు హోటళ్ళు కలవు.

కృష్ణా జిల్లా నుండి ప్రయాణం

మచిలీపట్నం నుండి పామర్రు, ఉయ్యూరు, విజయవాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాదు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వం 9వ నంబరు) ఫిల్మ్ సిటీ పక్కనుండే పోతుంది. గుడివాడ నుండి దూరం సుమారు 285 కిలోమీటర్లు. ఈ వైపు నుండి వచ్చేవారికి హైదరాబాదు నగరం కంటే ముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. రోడ్డు మార్గంలో వచ్చేవారు నగరంలోకి పోకుండానే అక్కడ దిగవచ్చును. ఆ చోట బస్సు ఆగునో లేదో ముందే విచారించుకోవాలి.

మచిలీపట్నం నుండి బీదరు వెళ్ళే రైలు గుడివాడ, విజయవాడల మీదుగా సికింద్రాబాదు చేరుతుంది. రైలులో నిద్ర దొరుకుతుంది కాని, సికింద్రాబాదు నుండి నగరం దాటి తిరిగి తూర్పు వైపుకు రావలసి ఉంటుంది. నగరంలో ఇతర ప్రదేశాలు కూడా చూడదలచినవారికి రైలు, ఫిల్మ్ సిటీ మాత్రమే చూడదలచినవారికి బస్సు అనుకూలం.

అనువైన కాలం

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం చల్లగా ఉంటుంది. పిల్లల సెలవులు ఎక్కువగా వచ్చే ఏప్రిల్, మే నెలలలో ఎండ తీవ్రం. ఆ కాలంలో నీరు, గొడుగు, టోపీ అవసరం. సంక్రాంతికి ముందు హైదరాబాదు నుండి విజయవాడ వైపు, పండుగ తరువాత తిరిగి హైదరాబాదు వైపు ఈ రహదారిపై వాహనాల రద్దీ అధికం. పంతంగి టోల్ ప్లాజా వద్ద వాహనాలు బారులు తీరుతాయి. పండుగ ముగిసిన మరుసటి రోజున గుడివాడ నుండి బయలుదేరినవారు సందర్శన సమయంలో కొంత దారిలోనే పోగొట్టుకోవచ్చును.

ఇవి కూడా చూడండి

* రామోజీరావు
* పెదపారుపూడి
* గుడివాడ
* తెలుగు సినిమా